మా బాపు బండి లైట్లు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమంటే మనలో ఎక్కువమంది అమ్మ మీదనో, స్నేహం మీదనో, హాస్టల్ రోజుల మీదనో రాస్తారు. మేము కారు ముందు లైట్ల మీద రాస్తున్నాము. నవ్వుకునే తమ్ముళ్ళు నవ్వుకోవచ్చు. కాని ఆ రెండు లైట్ల వెలుతురులోనే మా ఇంటి పొయ్యి వెలిగింది, మా చదువు సాగింది. అందుకని ఈ సంగతి రాయటానికి మాకు సిగ్గేమీ లేదు.

మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. ఇద్దరమూ ఈ హాస్టల్లోనే ఉండి పదో తరగతి దాకా చదువుకున్నాము. పెద్దవాడికి ఇరవై మూడేండ్లు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాడు. చిన్నవాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి, బండ్ల వైరింగు చేసే ఒక షాపులో పని నేర్చుకుంటున్నాడు. కలం పెద్దవాడిదే అయినా పని ఇద్దరిదీ కాబట్టి 'మేము' అనే రాస్తున్నాము.

మా బాపు డ్రైవరు. పద్దెనిమిదేండ్లు ఒకరి బండ్లు తోలి, చివరికి చిట్టీ ఎత్తి, అవ్వ మెడలోని పుస్తెలతాడు కుదువబెట్టి ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. కొనేనాటికే దానికి తొమ్మిదేండ్లు. మా జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ పోయేవాళ్ళు ఎక్కువని మీకు తెలుసు. దుబాయ్, మస్కట్, దోహా పోయేవాళ్ళను రాత్రి ఇంటి దగ్గర ఎక్కించుకుని తెల్లవారకముందే శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దించాలి. కరీంనగర్, సిద్దిపేట, ప్రజ్ఞాపూర్ మీదుగా రెండు వందల కిలోమీటర్ల పైన. పగటి కిరాయిలు ఉంటే ఉంటాయి, లేకుంటే లేదు. రాత్రి కిరాయే మా ఇంటికి ఆధారం.

నిరుడు వానాకాలంలో బాపు రాత్రి కిరాయిలు ఒక్కొక్కటే వద్దనటం మొదలుపెట్టాడు. మేము అడిగితే ఒళ్ళు నొప్పులన్నాడు. ఒకనాడు అన్నం తింటూ అవ్వతో అసలు మాట చెప్పాడు. "కండ్లు మసకబారినయే. వానకు రోడ్డు నల్లగైతే అంచు ఏడున్నదో కనవడ్తలేదు. ఇగ నాతోని కాదేమో."

ఆ మాటకు ఇల్లంతా చల్లబడిపోయింది. నెలకు ఆరేడు రాత్రి కిరాయిలు పోతే బంగారం మీది మిత్తి కట్టటమే కష్టం. పెద్దవాడు చదువు ఆపి ఏదైనా ప్రైవేటు స్కూల్లో చేరతానన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. "నువ్వు ఆపితే మీ బాపు ఇన్నేండ్లు నిద్ర లేకుండ తోలింది దేనికి?" అన్నది. దానికి మా దగ్గర జవాబు లేదు.

ముందు బాపును కంటి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. దూరపు చూపుకు చిన్న నంబరు అద్దాలు రాశారు. శుక్లం ఏమీ లేదు, రాత్రి బండి తోలటానికి చూపుతో ఇబ్బంది లేదన్నారు. అద్దాలు పెట్టుకున్నాక పగలు పేపరు మీద పెద్ద అక్షరాలు దూరం నుంచే చదివాడు గాని, రాత్రి రోడ్డు మాత్రం అట్లనే ఉందన్నాడు. అప్పుడు తమ్ముడు ఒక మాట అన్నాడు. "బాపు కండ్లు చూపిచ్చినం. బండి కండ్లు ఇంకా చూపియ్యలే."

ఆ రాత్రి బండిని ఊరి బయట రోడ్డు మీద నిలిపి లైట్లు వేసి చూశాము. ఇరవై అడుగులు దాటితే పసుపు నీళ్ళు చల్లినట్టు వెలుతురు. కుడి లైటు వేప చెట్టు కొమ్మల మీద పడుతోంది. ఎడమది బంపరు ముందరే వాలిపోతోంది.

పట్నంలో రెండు మూడు షాపుల్లో అడిగాము. ఒకరు వంద-తొంభై వాట్ల బల్బులు వేసుకోమన్నారు. ఇంకొకరు తెల్లటి కాంతి వచ్చే హెచ్ఐడీ కిట్ చూపి, "ఇది వేస్తే ఎదురు బండి వాడు తనే పక్కకు జరుగుతడు" అని గొప్పగా చెప్పారు. మరొకరు రెండు లైట్లూ మొత్తంగా మార్చాలని తొమ్మిది వేలు అవుతుందన్నారు. ఎదురు బండి వాడు పక్కకు జరుగుతాడన్న మాట వినగానే బాపు ముఖం మారిపోయింది. బండి ఎక్కి పోదాం పదండి అన్నాడు.

ఎందుకో మాకు తెలుసు. మా చిన్నబాపు ఒక సాయంత్రం పొద్దుగూకినాక సైకిలు మీద పొలం నుంచి వస్తుంటే ఎదురుగా ఒక బండి ఎత్తు లైట్లతో వచ్చింది. ఆ తెల్లటి వెలుగులో ఆయనకు రోడ్డు అంచు కనబడక సైకిలుతో సహా కల్వర్టులో పడ్డాడు. కాలు రెండు చోట్ల విరిగింది. బండి ఆగలేదు. పడ్డ సంగతి ఆ బండివాడికి తెలిసి కూడా ఉండదు. చిన్నబాపు ఇప్పటికీ కాలు ఎగేస్తూనే నడుస్తాడు. బండిలో కూర్చునేవాడు మా ఇంట్లో బాపు ఒక్కడే. తక్కినవాళ్ళమంతా అదే రోడ్డు అంచున నడిచేవాళ్ళం. మన హాస్టల్ పిల్లలు కూడా సాయంత్రం ట్యూషన్ నుంచి వరుసగా ఆ అంచునే వస్తారు కదా. లారీ లైటు పడితే చెయ్యి అడ్డం పెట్టుకుని, అది పోయేదాకా ఉన్నచోటనే నిలబడిపోయేవాళ్ళం.

అందుకని ఒక నియమం పెట్టుకున్నాము. బాపుకు రోడ్డు కనబడాలి, ఎదుట వచ్చేవాడి కన్ను చెదరకూడదు. రెండూ కుదిరితేనే రిపేరు అయినట్టు.

ఇక్కడ తమ్ముళ్ళకు ఒక సంగతి చెప్పాలి. వాహనాల హెడ్‌లైట్లలో పుటాకార దర్పణం ఎందుకు వాడతారు అన్న రెండు మార్కుల ప్రశ్నకు మనమంతా జవాబు రాసినవాళ్ళమే. నాభి వద్ద కాంతి జనకం ఉంచితే కిరణాలు సమాంతరంగా పోతాయి. మార్కులు పడ్డాయి, మర్చిపోయాము. ఆ దర్పణం పొట్టలోకి చెయ్యి పెట్టి చూసింది మాత్రం నిరుడే.

చాలా పాత కార్లలో ఉన్నట్టే మా బండిలోనూ హెచ్4 అనే హాలోజన్ బల్బు ఉంది. 1971 నుంచి వాడకంలో ఉన్న బల్బు ఇది. దీనికి మూడు కాళ్ళు, లోపల రెండు ఫిలమెంట్లు. ఎత్తు లైటుకు 60 వాట్లది, దించిన లైటుకు 55 వాట్లది. 60 వాట్ల ఫిలమెంటు సుమారుగా నాభి దగ్గర ఉంటుంది కాబట్టి వెలుగు నేరుగా దూరం పోతుంది. 55 వాట్లది నాభికి కొంచెం ముందు ఉంటుంది. దాని కింద చిన్న గరిటె వంటి రేకు ఉంటుంది. ఆ రేకు అడ్డం ఉండటం వల్ల వెలుగు దర్పణం పై సగానికే తగిలి కిందికి వంగి రోడ్డు మీద పడుతుంది. ఎదుటివాడి కన్నును కాపాడేది ఆ గోరంత రేకే.

ఇది తెలిశాక షాపుల వాళ్ళు చెప్పిన మందులు ఎందుకు పనికిరావో అర్థమైంది. హెచ్ఐడీలో ఫిలమెంటు ఉండదు, ఒక మెరుపు గోళం ఉంటుంది. దాని ఆకారం వేరు. హాలోజన్ కోసం చేసిన దర్పణంలో దాన్ని పెడితే వెలుగు చెల్లాచెదురై నాలుగు దిక్కులా పోతుంది. తోలేవాడికి ముందర తెల్లగా కనబడి సంతోషంగా ఉంటుంది, ఎదుటివాడికి కన్ను పోతుంది. ఎల్ఈడీ బల్బులూ అంతే. ఫిలమెంటు ఉన్న చోటనే, అదే కొలతలో వెలుగు పుట్టకపోతే వెలుగు గతి తప్పుతుంది. కంపెనీ నుంచే ఎల్ఈడీ లైటుతో వచ్చిన బండి సంగతి వేరు, దాని దర్పణమూ అద్దమూ దానికోసమే చేసి ఉంటాయి. ఇక వంద-తొంభై బల్బుకు కరెంటు ఎక్కువ కావాలి. సన్న వైర్లు, ప్లాస్టిక్ హోల్డర్ ఆ వేడికి కరిగిపోతాయి. అట్లా కరిగిన హోల్డర్లు తమ్ముడు షాపులో ఎన్నో చూశాడు.

కొత్త బల్బు కొనకముందు, ఉన్న వెలుతురు ఎక్కడ పోతోందో వెతికాము. నాలుగు చోట్ల దొరికింది.

మొదటిది పైనున్న అద్దం. పేరుకు అద్దం గాని అది గాజు కాదు, పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్. కొత్తలో దాని మీద ఒక గట్టి పూత ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఆ పూత చెడి, పచ్చబడి, మసకబారుతుంది. చుట్టూ రంగుకు గీతలు పడకుండా టేపు అంటించి, నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దాము. ముందు 600 నంబరు, తర్వాత 1000, 1500, చివరికి 2000. ఒకసారి అడ్డంగా, మరొకసారి నిలువుగా. రుద్దుతుంటే పాలలాంటి పసుపు నీళ్ళు కారాయి. ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండుతో మెరుగు పెట్టాము. కొందరు పళ్ళపొడి పేస్టుతో రుద్దుతారు. అది కొన్నాళ్ళ ముచ్చటే. పైన మళ్ళీ యూవీ పూత కొట్టకపోతే ఎంత రుద్దినా కొన్ని నెలల్లో పచ్చబడుతుంది. ఆ పూత స్ప్రే డబ్బా మా ఖర్చులో పెద్ద భాగం.

రెండోది తేమ. ఎడమ లైటు వెనక రబ్బరు తొడుగు చినిగి లోపలికి నీళ్ళు పోతున్నాయి. లైటు విప్పి నీడలో ఆరబెట్టి కొత్త తొడుగు వేశాము. లోపలి దర్పణాన్ని మాత్రం గుడ్డతో తుడవకూడదు. దాని మీద ఉండేది పలుచని అల్యూమినియం పూత. రుద్దితే అదే ఊడి వస్తుంది.

మూడోది వైర్లు. అసలు దొంగ అక్కడే దొరికాడు. ఇంజను నడుస్తుండగా మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. బల్బు కాళ్ళ దగ్గర 12.3 మాత్రమే. ఓమ్ నియమం మనం పుస్తకంలో చదివిందే. కరెంటు పోయే దారిలో నిరోధం ఉంటే అక్కడ వోల్టేజి పడిపోతుంది. బ్యాటరీ నుంచి స్టీరింగు దగ్గరి స్విచ్ దాకా, అక్కడి నుంచి మళ్ళీ లైటు దాకా సన్న వైరు. పైగా బాడీకి కలిపిన ఎర్త్ బోల్టు తుప్పుపట్టి ఉంది. పోయింది 1.8 వోల్టులే కదా అనిపిస్తుంది. కాని ఫిలమెంటు బల్బు వెలుతురు వోల్టేజితో సమానంగా తగ్గదు. సుమారు మూడున్నర ఘాతంతో తగ్గుతుంది. ఆ లెక్క కడితే మూడో వంతుకు పైగా వెలుతురు దారిలోనే పోతోంది. పెద్దవాడు కాగితం మీద లెక్క కట్టి చూపితే తమ్ముడు అన్నాడు, "గా లెక్క నాకు రాదు గని, గీ ఎర్త్ బోల్టు మాత్రం నేను ఎప్పుడో అనుమానపడ్డ."

ఎర్త్ బోల్టు విప్పి ఎమెరీ పేపరుతో మెరిసేదాకా గీకి మళ్ళీ బిగించాము. తర్వాత రెండు రిలేలు వేశాము, దించిన లైటుకు ఒకటి, ఎత్తు లైటుకు ఒకటి. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల లావు వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, అక్కడి నుంచి రిలే మీదుగా నేరుగా బల్బుకు. పాత స్విచ్ ఇప్పుడు రిలేను పలికించే పని మాత్రమే చేస్తుంది. రెండు బల్బులకు కలిపి పది ఆంపియర్ల దాకా పోయే కరెంటు దాని మీద పడదు, స్విచ్ కూడా వేడెక్కదు. ప్లాస్టిక్ హోల్డర్లు తీసేసి పింగాణీవి పెట్టాము. మళ్ళీ మీటరు పెడితే బల్బు దగ్గర 13.7 వోల్టులు. అదే వాట్ల బల్బు, వెలుతురు మాత్రం లెక్క ప్రకారం నలభై శాతం పైగా పెరిగింది. వోల్టేజి పెరిగితే బల్బు ఆయుష్షు కొంత తగ్గుతుంది, అది ఒప్పుకున్న బేరమే.

బల్బులు కూడా రెండూ ఒకేసారి మార్చాము, అదే 60/55. పెట్టేటప్పుడు బల్బు గాజును వేళ్ళతో తాకకూడదు. చేతి జిడ్డు అంటితే ఆ చోట వేడి ఎక్కువై గాజు చెడి బల్బు తొందరగా పోతుంది. కాగితంతో పట్టుకుని పెట్టాలి.

నాలుగోది గురి. ఊరి బడి గోడ ముందు నేల చదునుగా ఉన్న చోట పది మీటర్ల దూరంలో బండి నిలిపాము. టైర్లలో గాలి సరిచూశాము. లైటు మధ్య భాగం నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తు. గోడ మీద అదే ఎత్తులో ఒక టేపు, దానికి పది సెంటీమీటర్ల కింద ఇంకొక టేపు అంటించాము. దించిన లైటు వెలుగు గీత ఆ కింది టేపు మీద పడేదాకా వెనక మరలు తిప్పాము. పది మీటర్లకు పది సెంటీమీటర్లు దిగితే అరవై ఐదు మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. ఇది అనురూప త్రిభుజాల లెక్కే, తొమ్మిదో తరగతి తమ్ముడు కూడా చేయగలడు.

గోడ మీద ఇంకొక వింత కనబడింది. వెలుగు గీత కుడివైపు తిన్నగా ఉండి ఎడమవైపు పైకి లేస్తుంది. మన దేశంలో ఎడమ పక్క నడుపుతాము కాబట్టి కుడివైపు ఎదురు బండి వాడి కన్ను ఉంటుంది, అక్కడ వెలుగు కిందికే ఉండాలి. ఎడమవైపు రోడ్డు అంచున మనుషులు నడుస్తారు, వాళ్ళు దూరం నుంచే కనబడాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వ నిబంధన కూడా ఈ మాటే చెబుతుంది. ఎనిమిది మీటర్ల దూరంలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కన్ను ఉన్న మనిషికి చూపు చెదరకుండా వెలుగు కిందికి వంగి ఉండాలి. మీటరున్నర అంటే మా అవ్వ నిలబడితే ఆమె కన్ను ఉండే ఎత్తు.

చివరికి స్టీరింగు పక్కన ఉన్న చిన్న చక్రం సంగతి. దాని మీద 0, 1, 2, 3 అని అంకెలు ఉంటాయి. బాపు ఇన్నేండ్లూ దాన్ని ముట్టలేదు, అది ఎందుకో ఎవరూ చెప్పలేదు. వెనక బరువు పడితే బండి తోక దిగి ముక్కు లేస్తుంది, లైట్లు ఎదుటివాడి కంట్లో పడతాయి. గల్ఫ్ పోయేవాళ్ళ సామాను ఎంత ఉంటుందో తెలుసు కదా! పచ్చళ్ళ డబ్బాలు, పిండివంటలు, పెద్ద పెద్ద సూట్‌కేసులు, వెనక సీట్లో ముగ్గురు మనుషులు. ఆ చక్రం తిప్పితే లైట్లు కిందికి దిగుతాయి. పోయేటప్పుడు 2 లేక 3, ఖాళీగా వచ్చేటప్పుడు 0. ఇది విని బాపు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎదురుంగ వచ్చేటోళ్ళు నాకు ఊకె లైటు కొట్టి తిట్టేది అందుకేనా?" అన్నాడు.

మొత్తం ఖర్చు రెండు వేల నూట యాభై. తొమ్మిది వేలు అడిగిన చోట ఇంతలో అయిపోయింది. మా కూలి లెక్క కట్టలేదు, అవ్వ ఆ రెండు రోజులు కోడి కూర వండింది.

మొదటి రాత్రి కిరాయికి తమ్ముడు కూడా వెంట పోయాడు. తిమ్మాపూర్ దాటినాక వాన పట్టుకుంది. ఎడమ అంచున గొంగడి కప్పుకుని ఒక ముసలాయన రెండు మేకలను తోలుకుపోతున్నాడు. బాపు దూరం నుంచే చూసి వేగం తగ్గించాడు. ఆయన వెనక్కి తిరిగి చూడను కూడా లేదు, మేకలతో తన దారిన తాను పోయాడు. బాపు తమ్ముడితో ఒక్క మాటే అన్నాడట: "కనవడ్డడు." ఇంటికి వచ్చి తమ్ముడు ఆ మాట చెబుతుంటే మాకిద్దరికీ గొంతు పట్టుకుంది.

తమ్ముళ్ళూ! మీలో చాలామంది నాన్నలు ఆటో తోలుతారు, ట్రాక్టరు తోలుతారు, ఎవరి బండికో డ్రైవరుగా పోతారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క సాయంత్రం ఆ బండిని గోడ ముందు నిలిపి లైట్లు వేసి చూడండి. అద్దం పచ్చబడిందా, ఎర్త్ తుప్పు పట్టిందా, వెలుగు ఎక్కడ పడుతోంది చూడండి. వైర్లు తెలియకపోతే తెలిసిన మెకానిక్ పక్కన నిలబడండి. ఎక్కువ వాట్ల బల్బు వేయమని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. పుస్తకంలో రెండు మార్కులకు చదివింది చేతిలోకి వచ్చేసరికి ఇంటిల్లిపాది పని అవుతుంది. ఐటీఐ చదివే తమ్ముళ్ళు మేము తక్కువ చదివామని అనుకోవద్దు. మా ఇంట్లో లెక్క కట్టినవాడు ఒకడు, బోల్టు విప్పినవాడు ఒకడు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఆ లైటు వెలిగేది కాదు.

ఇప్పుడు బాపు రాత్రి కిరాయిలు వద్దనటం లేదు. బయలుదేరే ముందు తడిగుడ్డతో లైట్లు రెండూ తుడిచి, వెనక సామాను ఎంతుందో చూసి, ఆ చిన్న చక్రం తిప్పి బండి తీస్తాడు. పెద్దవాడి చివరి సెమిస్టరు పరీక్ష ఫీజు మొన్ననే కట్టాము. పుస్తెలతాడు వచ్చే సంక్రాంతి లోపల విడిపించాలని అనుకుంటున్నాము.